పరదేశంలో కాగితాల చిక్కులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నేను 1986లో ఒడిశాలోని పర్లాకిమిడిలో, ఇంట్లోనే పుట్టాను. అప్పట్లో ఎవరూ నమోదు చేయించలేదు. ఇప్పుడు అమెరికాలో గ్రీన్‌కార్డు కోసం ఐ-485 దరఖాస్తు వేశాను. నాన్నగారు పోయినేడు తీయించిన బర్త్ సర్టిఫికెట్ జతచేస్తే, చాలదంటూ నోటీసు వచ్చింది. పైగా అందులో గజపతి జిల్లా అని, నా స్కూలు కాగితాల్లో గంజాం అని ఉంది. – న్యూజెర్సీ నుంచి ఒక పాఠకుడు

జవాబు: కంగారు పడకండి, అది తిరస్కరణ కాదు. పుట్టిన తేదీకీ నమోదు తేదీకీ ముప్పై ఏళ్ల పైచిలుకు ఎడం కనబడితే అక్కడి అధికారి ఆగుతాడు. ఏడాది దాటిన జననాన్ని 1969 జనన మరణాల నమోదు చట్టం 13(3) కింద మేజిస్ట్రేట్ ఉత్తర్వుతోనే నమోదు చేస్తారు కనుక మీ సర్టిఫికెట్ చెల్లుతుంది. కాకపోతే అది ఆనాటి కాగితం కాదు. దానికి తోడు పాతవి కావాలి: స్కూల్లో చేర్చినప్పటి రిజిస్టరు నకలు, టీసీ, పదో తరగతి సర్టిఫికెట్, ఇద్దరి అఫిడవిట్లు.

చాలామంది దెబ్బతినేది అఫిడవిట్ల దగ్గరే. కోర్టు ముందు టైపు చేసే దుకాణంలో ‘నాకు తెలిసినంతవరకు’ అనే రెండు వాక్యాల నమూనా ఇస్తారు, అది పనికిరాదు. రాసేవారి పూర్తి పేరు, చిరునామా, వారు పుట్టిన తేదీ, ఊరు, మీతో చుట్టరికం ఉండాలి. మీ పుట్టినతేదీ, ఊరు, తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ సంగతి వారికెలా తెలుసో. కాన్పుకు దగ్గరున్న అత్తయ్య రాస్తే బరువుంటుంది. మీకన్నా చిన్నవాడైన బావమరిదితో రాయిస్తే నవ్వుతారు.

జిల్లా గొడవ చిన్నది. గజపతి 1992 అక్టోబర్ 2న గంజాం నుంచి విడిపోయింది. పైన పెట్టే ఉత్తరంలో ఆ ఒక్క వాక్యం రాయండి చాలు. ఒడియాలో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లీషు అనువాదం, ‘రెండు భాషలూ వచ్చు, అనువాదం సరైనది’ అని అనువాదకుడి సంతకం కావాలి. నోటరీ అక్కర్లేదు. ఇలాంటి నోటీసుకు 12 వారాలకు మించి గడువివ్వరు, పొడిగించరు కూడా. నోటీసు అసలు ప్రతి పైన పెట్టి అన్నీ ఒకేసారి పంపండి. సగం ఇప్పుడు, సగం తర్వాత అంటే కుదరదు, మొదట పంపినవాటి మీదే తేల్చేస్తారు.

ప్రశ్న: మాది మహారాష్ట్రలోని సిరోంచ, డిగ్రీ వరంగల్ కాకతీయ విశ్వవిద్యాలయంలో. సౌదీ కంపెనీ డిగ్రీకి అటెస్టేషన్ (ప్రభుత్వ ధ్రువీకరణ) అడుగుతోంది. ఏజెంటు ముంబయి పంపమంటున్నాడు. – దమ్మామ్ నుంచి

జవాబు: ముంబయి వద్దు. మీ ఇల్లు ఏ రాష్ట్రంలో ఉందన్నది కాదు, సర్టిఫికెట్ ఏ రాష్ట్రం ఇచ్చిందన్నదే లెక్క. ముందు తెలంగాణ ప్రభుత్వ ధ్రువీకరణ, ఆ తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్, అంటే కాగితం విదేశంలో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర. సౌదీకి 2022 డిసెంబర్ 7 నుంచి అపోస్టిల్ చెల్లుతోంది. ఖతార్ వెళ్లేవాళ్లకు మాత్రం ఆ దేశ రాయబార కార్యాలయం ముద్ర తప్పదు. అపోస్టిల్‌కు శాఖ తీసుకునేది 50 రూపాయలే, మిగతాదంతా మధ్యవారి రుసుము. బిల్లు విడివిడిగా అడగండి.

డిగ్రీని లామినేషన్ చేయించి ఉంటే ముద్ర వేయరు. దాన్ని మీరే ఊడదీయబోతే అక్షరాలతో సహా వస్తుంది, విశ్వవిద్యాలయం నుంచి డూప్లికేట్ తీసుకోవడం మేలు. పేరు కూడా చూసుకోండి: మహారాష్ట్ర కాగితాల్లో తండ్రి పేరు మధ్యలో చేరుతుంది, తెలంగాణ డిగ్రీలో ఇంటిపేరు పొడి అక్షరమై ముందుంటుంది. ఇకామా (సౌదీ నివాస కార్డు) పాస్‌పోర్టునే అనుసరిస్తుంది గనుక పాస్‌పోర్టును కదపకండి. రెండు పేర్లూ ఒకరివేనన్న అఫిడవిట్ దగ్గరుంచుకోండి.

ప్రశ్న: హెచ్‌-1బీ (అమెరికా ఉద్యోగ వీసా) అనుమతి మూడేళ్లుంది, పాస్‌పోర్టు మాత్రం ఏడు నెలల్లో అయిపోతుంది. రాయగడ నుంచి తిరిగి అమెరికా వెళ్లొచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: వెళ్లనిస్తారు, కానీ ఐ-94 (దేశంలో అడుగుపెట్టినప్పుడు ఇచ్చే ప్రవేశ నమోదు) పాస్‌పోర్టు ముగిసే తేదీ వరకే ఇస్తారు. అక్కడ ఉండగలిగే గడువు చెప్పేది అదే, వీసా స్టాంపు కాదు. తర్వాత కొత్త పాస్‌పోర్టు తీసుకున్నా ఐ-94 దానంతటదే పెరగదు. ఆ తేదీలోపు దేశం బయటికి వెళ్లి మళ్లీ రావాలి, లేదా కంపెనీ పొడిగింపు దరఖాస్తు వేయాలి. వీలుంటే ఇక్కడే తత్కాల్‌లో రీ-ఇష్యూ చేయించుకుని బయలుదేరండి. రద్దయిన పాత పాస్‌పోర్టులోని వీసా గడువు ఉన్నంతకాలం చెల్లుతుంది. రెండూ కలిపి చేతిసంచిలోనే పెట్టుకోండి, చెక్‌ఇన్ సూట్‌కేసులో వద్దు.