ప్రయాణాల పేజీ: ప్రెయరీలో వేసవి సెలవులు, ఇంటికి దగ్గరలోనే

ప్రశ్న: మేము నాలుగేళ్లుగా కెనడాలోని సస్కాచువాన్ రాష్ట్రంలో, సాస్కటూన్‌లో ఉంటున్నాము. ప్రతి వేసవిలోనూ బాన్ఫ్‌కో వాంకూవర్‌కో వెళ్లి వచ్చేవాళ్లం. ఈ ఏడాది ఇల్లు కొన్నందువల్ల ఖర్చు తగ్గించుకోక తప్పడం లేదు. పిల్లలిద్దరికీ జూన్ ఆఖరున బడి మూస్తారు. "ఇక్కడ చూడడానికి ఏముంది, అంతా బయలే కదా" అని మావారు అంటున్నారు. పది రోజుల సెలవును ఊరి చుట్టుపక్కలే గడపడం కుదురుతుందా?
– ఒక పాఠకురాలు, సాస్కటూన్

జవాబు: తప్పకుండా కుదురుతుందమ్మా. మనలో చాలామంది ప్రెయరీని, అంటే ఈ విశాలమైన గడ్డి మైదానాలను, కారు అద్దంలోంచి, గంటకు 110 కిలోమీటర్ల వేగంతో పోతూ మాత్రమే చూస్తాము. ఆ వేగంలో అంతా ఒకే రంగు బయలుగా కనిపించడంలో వింత లేదు. పర్వతం దూరం నుంచే తనంతట తాను కనబడుతుంది. ఈ నేల అలా కాదు, ఒకచోట దిగి, కాసేపు కూర్చుని, సరైన వేళకు చూసినవారికే దక్కుతుంది. అందుచేత పది రోజులకు పది ఊళ్ల పట్టిక వేసుకోవద్దు. మూడు నాలుగు చోట్లు ఎంచుకుని, ఒక్కోచోటికి ఒకసారి పొద్దున్నే, మరోసారి సాయంత్రం వెళ్లండి. జూన్ చివర మీ ఊళ్లో ఐదు కాకముందే తెల్లవారుతుంది, రాత్రి తొమ్మిదిన్నరకు గాని పొద్దు గుంకదు. మధ్యాహ్నం ఇంటికి వచ్చి వేడిగా భోంచేసి కునుకు తీసినా, ఇంకా ఐదారు గంటల వెలుగు మీ చేతిలో ఉంటుంది. దూర ప్రయాణాల్లో ఈ వెసులుబాటు దొరకదు.

నదితో మొదలుపెట్టండి. ఊరి నడుమ దక్షిణ సస్కాచువాన్ నదికి అడ్డంగా, రైలు వంతెన పక్కన కట్టిన చిన్న ఆనకట్ట దగ్గర వేసవి పొడుగునా తెల్ల పెలికాన్‌లు చేరుతాయి. నేలపట్టులోనో ఉప్పలపాడులోనో గూడబాతులను చూసినవారికి ఇవి వాటి దాయాదులని చూడగానే తెలిసిపోతుంది. ఇవి మాత్రం మరింత పెద్దవి, రెక్కలు విప్పితే సుమారు తొమ్మిది అడుగులు. నిలబడి ఉన్నప్పుడు ఒళ్లంతా తెలుపే కనిపిస్తుంది. ఎగిరినప్పుడే రెక్కల అంచున నలుపు బయటపడుతుంది. నీళ్లు సుడి తిరిగే చోట ఇవి ముక్కు ముంచి, సంచిలో చేరిన నీటిని వదిలేసి, తల వెనక్కి వాల్చి చేపను మింగుతాయి. పిల్లలు ఈ తంతును అరగంట సేపు కదలకుండా చూస్తారని నేను హామీ ఇవ్వగలను.

రెండో చోటు వానుస్కేవిన్. మీ ఊరికి ఉత్తరాన, నగరం దాటిన కొద్దిసేపటికే వస్తుంది. 1992లో తెరిచిన ఈ క్షేత్రంలో మైదానాల మూలవాసులు ఆరు వేల ఏళ్లకు పైగా అడవిదున్నల జాతికి చెందిన బైసన్‌లను వేటాడుతూ, విడిది చేస్తూ గడిపిన ఆనవాళ్లు ఉన్నాయి. పైనుంచి చూస్తే చదునైన గడ్డినేలే గాని, నాలుగడుగులు వేసేసరికి నేల ఉన్నట్టుండి వాగు లోయలోకి జారుతుంది. చలిగాలుల నుంచి వారిని కాచినది ఆ లోయే. 19వ శతాబ్దంలో ఈ మైదానాల మీద బైసన్ దాదాపుగా అంతరించిపోగా, 2019 డిసెంబరులో ఒక చిన్న మందను మళ్లీ ఇక్కడికి తెచ్చారు. ఆ మరుసటి ఏడాది ఆ పశువులు దుమ్ములో పొర్లి పొర్లి గడ్డి ఊడిపోయిన చోట ఒక రాతి కొన పైకి తేలింది. ఏళ్ల తరబడి అక్కడ తవ్వకాలు జరిపిన పురావస్తు శాస్త్రవేత్త ఎర్నీ వాకర్ మట్టి తుడిచి చూస్తే, దాని మీద మనుషుల చేత్తో చెక్కిన గీతలు ఉన్నాయి. దగ్గరలోనే మరికొన్ని చెక్కిన రాళ్లు, ఒక రాతి పనిముట్టు కూడా దొరికాయి. అన్నేళ్ల తవ్వకాల్లో బయటపడని రాళ్లను తిరిగి వచ్చిన బైసన్‌లు వెలికితీశాయన్న సంగతి పిల్లలకు అక్కడే, ఆ లోయ అంచున నిలబెట్టి చెప్పండి. ఈ రాష్ట్రంలో నాకు ఇంతకంటే ఇష్టమైన కథ లేదు.

ఊరికి దక్షిణాన ఉన్న ప్రకృతి సంరక్షణ ప్రాంతం బీవర్ క్రీక్‌కు ఒక ఉదయం కేటాయించండి. ఉప్పు కలపని పొద్దుతిరుగుడు గింజలు అరచేతిలో పెట్టుకుని కొమ్మల పక్కన కదలకుండా నిలబడితే, నల్లటి టోపీ పెట్టుకున్నట్టు కనిపించే చికడీ పిట్టలు వచ్చి వేలిమీద వాలి, ఒక్క గింజ ఎంచుకుని పోతాయి. పిట్ట బరువు పది పన్నెండు గ్రాములకు మించదు. గోళ్లు వేలిని పట్టుకున్న స్పర్శ తప్ప వాలినట్టే తెలియదు.

ఇక పొలాలు. జూలైలో కనోలా అనే నూనెగింజ పంట పూల పసుపు అందరూ చూస్తారు, ఫోటోలు తీసుకుంటారు. దాని పక్కనే ఉన్న అవిసె చేనును మాత్రం మధ్యాహ్నం వెళ్లినవారు ఎన్నటికీ చూడలేరు, ఎందుకంటే ఆ నీలిపూలు ఉదయం విచ్చుకుని, ఎండ ముదిరేసరికి రేకులు రాల్చేస్తాయి. మోకాలెత్తు కూడా లేని మసూర్ చేలను ఒకసారి పిల్లలకు దగ్గరగా చూపించండి. కెనడాలో పండే మసూర్‌లో అత్యధిక భాగం ఈ ఒక్క రాష్ట్రానిదే; ఓడలెక్కి మన దేశానికి చేరే ఎర్రపప్పులోనూ, బఠాణీలోనూ ఈ నేల పంట ఎంతో ఉంది. అయితే రోడ్డు మీద నిలబడే చూడాలి. 2022 నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం ముందుగా అనుమతి తీసుకోకుండా ఒకరి పొలంలో అడుగు పెట్టకూడదు. బూట్లకు అంటుకున్న మట్టితో పంట తెగుళ్లు ఒక చేను నుంచి మరో చేనుకు పాకుతాయన్నది రైతుల భయం, అది నిజమైన భయమే. చేలోకి దిగి చేత్తో కోసుకోవాలన్న సరదా ఉంటే, సాస్కటూన్ బెర్రీలను ఎవరికి వారే కోసుకోనిచ్చే తోటలు జూలైలో తెరుస్తారు.

ఒక పగలు బతోష్‌కు కూడా వెళ్లి రండి, గంట ప్రయాణం. 1885లో లూయీ రియెల్, గేబ్రియెల్ డ్యూమాంట్ నాయకత్వంలో మేటీ ప్రజలు, అంటే మూలవాసులకూ ఐరోపా నుంచి వచ్చినవారికీ పుట్టిన సంతతివారు, కెనడా ప్రభుత్వంతో చివరిసారిగా పోరాడినది అక్కడే. మతగురువు ఇంటి గోడ మీద తూటాల గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి.

ప్రశ్న: మా అత్తగారు, మామగారు కరీంనగర్ నుంచి జూలైలో మా దగ్గరికి వస్తున్నారు. మామగారికి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేరు. వారిని దగ్గరలో ఎక్కడికి తీసుకెళ్తే బాగుంటుంది?
– ఒక పాఠకురాలు, రెజైనా

జవాబు: మొదట మానిటూ బీచ్ చెప్తాను. వాట్రస్ ఊరి పక్కన ఉన్న లిటిల్ మానిటూ సరస్సుకు మీ ఊరి నుంచి సుమారు రెండు గంటల ప్రయాణం. నీరు బయటికి పోయే దారి లేనందువల్ల లవణాలన్నీ అందులోనే పేరుకున్నాయి. ఉప్పదనం సముద్రపు నీటికంటే చాలా ఎక్కువ కనుక, ఈత రానివారు కూడా వెల్లకిలా పడుకుంటే తేలుతారు. మూలవాసులు ఈ నీటిని ఎంతో కాలంగా ఔషధంగా భావించి వాడుకున్నారు. ఒడ్డునే అదే నీటిని వేడిచేసి నింపిన లోపలి కొలను ఉంది; అది తెరిచి ఉందో లేదో ముందుగా కనుక్కోండి, తెరిచి ఉంటే మామగారికి సరస్సుకంటే అదే అనువు. శరీరం బరువు కాళ్ల మీద పడకపోవడంతో, మోకాలు నొప్పి లేకుండా నీళ్లలో నాలుగడుగులు వేయగలిగితే ఆయన ముఖమే మీకు సమాధానం చెప్తుంది. రక్తపోటు, గుండె జబ్బు ఉంటే ముందుగా వైద్యుణ్ని అడగండి. చర్మం మీద చిన్న గీత ఉన్నా ఆ నీరు మండుతుంది, కళ్లలో పడితే మరీను. బయటికి రాగానే మంచినీళ్లతో స్నానం చేయించండి.

రెండోది క్వాపెల్ లోయ. ఫోర్ట్ క్వాపెల్ మీకు సుమారు 70 కిలోమీటర్లు. మంచుయుగం చివర కరిగిన నీటి ప్రవాహం చెక్కిన లోయ అది; బల్లపరుపు నేలమీద పోతున్న రోడ్డు ఒక్క మలుపులో కిందికి దిగి, నాలుగు సరస్సులు వరుసగా ఉన్న లోయలో పడుతుంది. ఎకో వ్యాలీ పార్కులో కారు నీటికి దగ్గరగా నిలుపుకుని, మడత కుర్చీలు వేసి, పులిహోర, పెరుగన్నం పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చోవచ్చు. కరీంనగర్ ఎండల నుంచి వచ్చేవారికి పగలు హాయిగానే ఉంటుంది గాని, పొద్దు వాలాక చలి వేస్తుంది, శాలువా మరవకండి. వారి పేరున సందర్శకుల ఆరోగ్య బీమా కూడా ఇప్పుడే తీసుకోండి.

రోజుకో చోటు తిప్పాలన్న ఆత్రుత వద్దని మాత్రం మనవి. పెద్దవాళ్లు మీ ఇంటికి వచ్చినది మనవళ్ల కోసం. వారానికి రెండు విహారాలు చాలు, మిగతా సాయంత్రాలకు మీ ఊళ్లోని వాస్కానా సరస్సు ఉండనే ఉంది.

ప్రశ్న: మూడు కుటుంబాలం కలిసి వాస్కెసూ సరస్సు దగ్గర గుడారాలు వేద్దామనుకుంటున్నాము. మాలో పెద్దలెవరికీ ఈత రాదు, ఇంతకు ముందు గుడారంలో పడుకున్నదీ లేదు. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక పాఠకుడు, ప్రిన్స్ ఆల్బర్ట్

జవాబు: మీరు ఈ ప్రశ్న వేసినందుకు సంతోషించాను, ఎందుకంటే ఒడ్డున ఉన్న పెద్దలకు ఈత రాకపోతే, ప్రెయరీ సరస్సులలో దిగిన మన పిల్లలకు ప్రమాదం మరింత పెరుగుతుంది. నీళ్లలోకి దిగే ప్రతి పిల్లకూ సరిపడే కొలతలో లైఫ్‌జాకెట్ ఉండాలి. గాలి ఊదిన ట్యూబులూ బొమ్మలూ దానికి బదులు కావు; ఒడ్డు నుంచి లోపలికి వీచే గాలికి అవి నిమిషాలలో దూరం కొట్టుకుపోతాయి. చాలా తీరాలలో కాపలాదారులు ఉండరు. అందువల్ల పెద్దలలో ఒకరు వంతు వేసుకుని, ఫోను పక్కన పెట్టి, నీళ్లవైపే చూస్తూ కూర్చోవాలి. ముగ్గురు చూస్తున్నారంటే ఎవరూ చూడడం లేదని అర్థం. వేసవి ముదిరాక దక్షిణపు సరస్సులకు వెళితే, నీటి మీద ఆకుపచ్చ రంగు ఒలికినట్టు కనిపించిన చోట పిల్లలను దిగనివ్వకండి. ఆ నాచు విషపూరితం కావచ్చు.

వాస్కెసూ ఉన్న ప్రిన్స్ ఆల్బర్ట్ జాతీయ ఉద్యానం 1927లో ఏర్పడింది. అది ఎలుగుబంట్ల అడవి. మన వంట ఘుమఘుమలు వాటికి చాలా దూరం అందుతాయి. ఆవకాయ సీసా, నూనె డబ్బా, గిన్నెలు, చివరికి పళ్లపొడి కూడా రాత్రిపూట కారులోనే పెట్టి తాళం వేయాలి, గుడారంలో ఏ తినుబండారమూ ఉండకూడదు. కట్టెలు ఇంటి నుంచి తీసుకుపోవద్దు, వాటితో చెట్లను తొలిచే పురుగులు వెళతాయి. ఎండలు ముదిరితే మంటల మీద నిషేధం పెడతారు గనుక, చిన్న గ్యాస్ పొయ్యి వెంట ఉంచుకుని, దానికి అనుమతి ఉందో లేదో కూడా బయలుదేరే ముందు చూసుకోండి. ఉరుము వినబడితే నీళ్లలోంచి వచ్చేసి, గుడారంలో కాకుండా కారులోనో పక్కా భవనంలోనో కూర్చుని, ఆఖరి ఉరుము తరువాత అరగంట ఆగండి. అడవి మంటల పొగ ఎక్కువగా ఉన్న రోజున ఉబ్బసం ఉన్నవారు ప్రయాణం వాయిదా వేయడమే మేలు. జూన్‌లో గడ్డిలో నడిచి వచ్చాక పిల్లల మెడ, చెవుల వెనుక, తల వెంట్రుకలలో పేలు లాంటి టిక్ పురుగులు పట్టాయేమో చూడాలి. చీకటి పడే వేళ జింకలు రోడ్డుకు అడ్డం వస్తాయి, తిరుగు ప్రయాణం ఆ వేళకు పెట్టుకోకండి.

మొదటిసారి కనుక రెండు రాత్రులు చాలు. గుడారం ముందుగా మీ పెరట్లో ఒకసారి వేసి, ఒక రాత్రి అందులో పడుకుని చూడండి.

ప్రశ్న: నేను విద్యార్థిని. కారు లేదు, పార్ట్‌టైం పని వల్ల వరుసగా రెండు రోజులు సెలవు దొరకదు. నాకు సెలవు అంటూ ఏదైనా ఉంటుందా?
– ఒక విద్యార్థిని, సాస్కటూన్

జవాబు: ఉంటుందమ్మా. మీ విశ్వవిద్యాలయం నది ఒడ్డునే ఉంది, అక్కడి నుంచి రెండు దిక్కులకూ మీవాసిన్ బాట సాగుతుంది. పని లేని సాయంత్రం ఆరింటికి బయలుదేరినా మూడు గంటలకు పైగా వెలుగు ఉంటుంది. ఒకసారి ఈ ఒడ్డున వెళ్లి వంతెన దాటి ఆ ఒడ్డున తిరిగి రండి. పైన చెప్పిన పెలికాన్‌ల చోటు ఆ దారిలోనే తగులుతుంది. బీవర్ క్రీక్‌కు బస్సు లేదు గనుక, కారు ఉన్న స్నేహితులు నలుగురిని కూడగట్టి పెట్రోలు ఖర్చు పంచుకోండి. దోమల మందు, నీళ్ల సీసా, పల్చటి జాకెట్టు సంచిలో ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకుంటే, పని తొందరగా ముగిసిన రోజున గదికి వెళ్లకుండా నేరుగా నది దగ్గరికి వెళ్లిపోవచ్చు.