జ్వరం పరీక్షలకు పెప్టైడ్లు తయారుచేయాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇంగ్లీషు. మా అమ్మాయి ఈ ఏడు ప్లస్ టూ సైన్స్ పాసైంది. నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు, మళ్లీ కోచింగ్‌కి వెళ్లనంటోంది. వైరస్ జ్వరాలను కనిపెట్టే పరీక్షల కోసం పెప్టైడ్లు తయారుచేసే పని నేర్చుకుంటానని పట్టుబట్టింది. పాతపట్నంలో ఉండే మా బావగారు ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చాలంటున్నారు, కాదంటే విశాఖలో బీటెక్ బయోటెక్నాలజీలో చేర్చమంటున్నారు. అసలు ఈ పని ఏమిటి? దీంతో బతుకుదెరువు ఉంటుందా?

జవాబు: అయ్యా, మీ బావగారు చెప్పిన టెక్నీషియన్ కోర్సు మంచిదే, త్వరగా ఉద్యోగం చేతికొస్తుంది. కానీ అక్కడ నేర్పేది ఎవరో తయారుచేసి పంపిన కిట్‌తో పరీక్ష చేయడం. మీ అమ్మాయి అడుగుతున్నది ఆ కిట్ లోపల ఏముండాలో తేల్చే పని. అది ముప్పాతిక వంతు కెమిస్ట్రీ. నీట్‌కి చదివిన పిల్లల్లో చాలామంది బయాలజీని ఇష్టపడి, కెమిస్ట్రీని ఎలాగోలా దాటేస్తారు. మీ అమ్మాయి అలాంటిదా, లేక ఆర్గానిక్ కెమిస్ట్రీ లెక్కలు ఇష్టంగా చేసేదా? నా సలహా అంతా ఈ ఒక్క ప్రశ్న మీదే ఆధారపడి ఉంది.

పని ఏమిటో చెబుతాను. వైరస్ ఒంట్లో చేరాక రక్తంలో దాన్ని ఎదుర్కొనే యాంటీబాడీలు పుడతాయి. ఏ యాంటీబాడీ కూడా వైరస్‌ను మొత్తంగా పట్టుకోదు, దాని ప్రోటీన్ మీద ఓ చిన్న భాగాన్నే పట్టుకుంటుంది, బరంపురం పట్టుచీరను అంచు చూసి గుర్తుపట్టినట్టు. కొన్నిసార్లు ఆ భాగం ప్రోటీన్‌కు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలు పది పదిహేను ఉన్న వరుస మాత్రమే. ఆ వరుసను ప్రయోగశాలలో ఒక్కో ఆమ్లం అతికిస్తూ కడితే వచ్చేదే సింథటిక్ పెప్టైడ్. దాన్ని ప్లేటుకు అంటించి, రోగి రక్తంలోంచి తీసిన సీరం పోసి, యాంటీబాడీ వచ్చి అతుక్కుందో లేదో రంగు మారడాన్ని బట్టి చెబుతారు. దీనికోసం ప్రాణమున్న వైరస్‌ను పెంచే ప్రమాదం అక్కర్లేదు. 1980ల రెండో సగంలోనే హెచ్‌ఐవీ యాంటీబాడీలను ఇలా పట్టుకోవచ్చని చూపించారు. ఆ వైరస్‌లోని జీపీ41 ప్రోటీన్ నుంచి తీసుకున్న చిన్న ముక్కే అందుకు సరిపోయింది.

ఆమ్లాలను అతికించే పద్ధతిని 1963లో బ్రూస్ మెరిఫీల్డ్ ప్రకటించారు. మొదటి ఆమ్లాన్ని రెసిన్ పూసకు బిగించి, తర్వాతవి ఒక్కొక్కటే కలుపుతూ, మిగిలిపోయిన రసాయనాలను ప్రతిసారీ కడిగేయడం అందులోని కిటుకు. దానికే ఆయనకు 1984లో నోబెల్ వచ్చింది. సరిగ్గా అదే 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, ఆయన సహచరులు పెప్టైడ్ గొలుసు ఏయే కోణాల్లో వంగగలదో చూపే పటాన్ని ప్రచురించారు. ఈ రంగంలో ఎవరైనా ఇప్పటికీ ఆ పటం చూడాల్సిందే. మీ అమ్మాయికి ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

కట్టడం ఇప్పుడు చాలావరకు మెషిన్ చేస్తుంది. ఏ ముక్కను కట్టాలో తేల్చడమే కష్టం. డెంగీ, జికా, జపనీస్ మెదడువాపు వైరస్‌లు ఒకే కుటుంబానివి. వాటి పైతొడుగు ప్రోటీన్‌లో ఫ్యూజన్ లూప్ అనే భాగం మూడింట్లోనూ దాదాపు ఒకేలా ఉంటుంది. అక్కడి నుంచి పెప్టైడ్ తీసుకుంటే ఒక జ్వరానికి బదులు ఇంకో జ్వరం పేరు చెప్పే ప్రమాదం ఉంది. ఆ వైరస్‌లో మాత్రమే ఉండి, దాని రకాలన్నిట్లోనూ మారకుండా ఉండే చోటు వెతకాలి. డెంగీలోనే నాలుగు రకాలున్నాయి. పైగా ప్రోటీన్ మడతపడినప్పుడు మాత్రమే ఏర్పడే ఆకారాలను గుర్తుపట్టే యాంటీబాడీలు చాలా ఉంటాయి. వాటి ముందు మడతల్లేకుండా తిన్నగా ఉండే పెప్టైడ్ పెడితే పట్టించుకోవు. జీపీ41 ముక్కలో ఉన్న సిస్టీన్ అనే రెండు ఆమ్లాలను కలిపి ఉంగరంలా బిగిస్తే యాంటీబాడీ మెరుగ్గా పట్టుకుంటుంది. ఇలాంటి ఉపాయాలు ఆలోచించడమే డిజైన్ అంటే.

ఈ జాగ్రత్త ఎందుకో మీ ఒడిశాలోనే చూశాం. 2016లో మల్కన్‌గిరి జిల్లాలో వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. మొదట అంతా జపనీస్ మెదడువాపు అనుకున్నారు. కొందరు పిల్లల్లో అది నిజమే. వైరస్ జాడ దొరకని పిల్లలు కూడా చాలామంది ఉన్నారు. వాళ్లలో జబ్బుకు బన చకుండా అనే అడవి మొక్క గింజల్లోని విషమే కారణమని తర్వాత వెళ్లిన నిపుణులు చెప్పారు. వైరస్ లేదని పరీక్ష నమ్మకంగా చెప్పగలిగితేనే డాక్టరు వేరే కారణం కోసం వెతుకుతాడు. మీ అమ్మాయి కోరుకున్న పని బరువు అంతటిది. అందుకే ఈ కోరికను తేలిగ్గా తీసిపారేయకండి.

ఫీజు కట్టకముందు ఆమెతో ఓ పని చేయించండి. యూనిప్రాట్ అనే వెబ్‌సైట్‌లో ఏ వైరస్ ప్రోటీన్ వరుస అయినా ఉచితంగా దొరుకుతుంది. డెంగీ ఎన్‌ఎస్1 ప్రోటీన్ వరుసను, జపనీస్ మెదడువాపు వైరస్‌లోని అదే ప్రోటీన్ వరుసను తెచ్చి క్లస్టల్ అనే ఉచిత టూల్‌లో పక్కపక్కన పెట్టమనండి. అందులో ఒక్కో అక్షరం ఒక్కో ఆమ్లం. రెండింట్లో బాగా తేడాగా ఉన్న పదిహేను అక్షరాల ముక్కను ఎంచుకుని, దాన్నే ఎందుకు ఎంచుకుందో ఒక పేజీ రాయమనండి. అందులో నీళ్లంటే గిట్టని ఆమ్లాలు ఎన్ని ఉన్నాయో కూడా లెక్కపెట్టాలి, అవి ఎక్కువైతే పెప్టైడ్ కరగక మొరాయిస్తుంది. ఫోన్‌లో కాకుండా కంప్యూటర్ మీద, నెట్ సెంటర్‌లోనైనా సరే, ఓ వారం కూర్చుని చేస్తే చాలు. ముక్క సరైనదా కాదా అన్నది ఇప్పుడు ముఖ్యం కాదు. వారం తర్వాత కూడా ఇంకో వైరస్‌తో పోల్చి చూస్తానంటే ధైర్యంగా పంపండి. మూడో రోజుకే విసుగు పుడితే టెక్నీషియన్ కోర్సో, నర్సింగో చూడండి, వాటిలో చిన్నతనమేమీ లేదు.

చదువు విషయానికొస్తే, నా మొదటి ఓటు బరంపురం ఐసర్‌కే. సైన్స్ చదువుకీ పరిశోధనకీ 2016లో మొదలైన కేంద్ర సంస్థ అది, మీకు దగ్గర కూడా. ఐదేళ్ల బీఎస్-ఎంఎస్‌లో చేరడానికి ఐఏటీ పరీక్ష రాయాలి. ఏయే సంవత్సరాల్లో ప్లస్ టూ పాసైనవాళ్లు రాయొచ్చో ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోండి. అలాంటిదే అయిన భువనేశ్వర్ నైసర్‌కి నెస్ట్ పరీక్ష ఉంది. ఈ రెండూ రాకపోయినా దిగులు పడకండి, మీ ఊరి కృష్ణచంద్ర గజపతి కాలేజీలో కెమిస్ట్రీ ఆనర్స్ చదివి, జామ్ అనే ప్రవేశపరీక్ష రాసి ఐఐటీలోనో, సీయూఈటీ పీజీ రాసి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనో ఎంఎస్సీ చేయొచ్చు. లక్షలు పోసి, ల్యాబ్ సరిగ్గా లేని ప్రైవేటు కాలేజీలో బయోటెక్నాలజీ బీటెక్ చేయించడాన్ని మాత్రం నేను గట్టిగా వద్దంటాను. పేరులో బయో ఉన్నంత మాత్రాన పెప్టైడ్ కట్టడం రాదు.

పరిశోధకురాలు కావాలంటే ఎంఎస్సీ తర్వాత పీహెచ్‌డీ కావాలి. మొత్తం పదేళ్లు పడుతుంది. ఆడపిల్లకు పదేళ్లు చదువా అని బంధువులు అంటారు. చివరి ఐదేళ్లు ఆమె ఫెలోషిప్ డబ్బు తెచ్చుకుని చదువుతుందని వాళ్లకు చెప్పండి. సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే ఆ ఫెలోషిప్ వస్తే 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయలు ఇస్తున్నారు, ఇంటద్దె అలవెన్సు దీనికి అదనం.

ఎంఎస్సీతో ఆగినా దారి మూసుకుపోదు. పెప్టైడ్‌ను శుద్ధిచేసే హెచ్‌పీఎల్‌సీ, బరువు చూసి సరిచూసే మాస్ స్పెక్ట్రోమెట్రీ చేతికొచ్చినవాళ్లకు హైదరాబాద్, విశాఖ మందుల కంపెనీల్లో పని ఉంటుంది. షుగరుకూ బరువు తగ్గడానికీ వాడుతున్న సెమాగ్లుటైడ్ కూడా పెప్టైడే. కిట్ల తయారీ వైపు వెళ్లాలనుకుంటే వైద్య పరికరాలు తయారయ్యే విశాఖ మెడ్‌టెక్ జోన్ మీకు రైలు దూరమే. నిజం చెప్పాలంటే మన దేశంలో కేవలం పరీక్షల కోసం పెప్టైడ్లు డిజైన్ చేసే ఉద్యోగాలు తక్కువ. అందుకే ఆమె చేతిలో ఉండాల్సింది కెమిస్ట్రీ, దాన్ని మందుల వైపూ తిప్పుకోవచ్చు.

సరిహద్దు కుటుంబాలు తరచూ ఇబ్బందిపడే విషయం ఇంకొకటుంది. ఆంధ్రాలో రాష్ట్ర కోటా సీట్లకు స్థానికత అడుగుతారు. పాతపట్నంలో చుట్టాలున్నా మీ అమ్మాయి ఒడిశా అభ్యర్థే. ఐసర్ లాంటి కేంద్ర సంస్థల్లో ఆ బెడద లేదు. మీరు బీసీలైతే, ఒడిశాకు సంబంధించిన కేంద్ర ఓబీసీ జాబితాలో మీ కులం ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి, ఆంధ్రాలో ఉన్నంత మాత్రాన ఇక్కడ చెల్లదు. ఉంటే, సర్టిఫికెట్ కోసం ఈ వారమే తహసీల్దార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టండి.