సౌండ్ కార్డు బిగించేముందు ఇది చదువు

అమ్మలూ,

ఆ పాత 486 కంప్యూటర్ పెట్టె విప్పి సౌండ్ కార్డు నువ్వే బిగిస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. ముచ్చటేసింది, వెంటనే గుండె గుభేలుమంది కూడా. ఎందుకో ముందే చెప్తాను. ఆ కాలపు ఏటీ రకం పెట్టెల్లో ముందువైపు పవర్ స్విచ్చికి వచ్చే లావు వైర్లలో ఉండేది నేరుగా గోడ కరెంటు. స్విచ్ ఆపినా ఆ వైర్లలోకి కరెంటు వస్తూనే ఉంటుంది. ప్లగ్గు పీకకుండా మూత తీశావో, నా చేత తిట్లు తింటావు. పీకావా? ఇంకోసారి చూసుకో.

కార్డుని అంచులతో పట్టుకో, స్లాట్లో నిలువుగా నొక్కు, స్క్రూ బిగించు. ఆ పని ఐదు నిమిషాలు. అసలు తంటా ఐఆర్‌క్యూ దగ్గర. అంటే కార్డు ప్రాసెసర్‌ని "ఇటు చూడు" అని పిలిచే లైను; ఒక్కో లైనుకి ఒక్కో నంబరు.

కాగితం మీద రాసుకో: 3 కామ్2 అనే సీరియల్ పోర్టుది, 4 కామ్1ది, 6 ఫ్లాపీది, 7 ప్రింటర్‌ది, 14 హార్డ్ డిస్కుది. పీఎస్2 మౌస్ ఉంటే 12 దానిది. మామూలుగా ఖాళీగా దొరికేవి 5, 10, 11. నీ పెట్టెలో నెట్‌వర్క్ కార్డు ఉందన్నావు కదా, అవి చాలావరకు 3 మీదో 5 మీదో ఉంటాయి. సౌండ్ కార్డూ 5నే అడుగుతుంది. తర్వాత వచ్చిన పీసీఐ రకం కార్డులైతే సర్దుకుంటాయి గానీ, నీ కార్డులు దిగే పాతరకం ఐఎస్ఏ స్లాట్లలో ఒక లైను మీద రెండు కార్డులు కుదరవు. డాస్‌లో మెషీన్ వివరాలు చెప్పే ఎంఎస్‌డీ ప్రోగ్రామ్ చూపించే పట్టికనే నమ్ముకోకు, డ్రైవర్ లోడ్ కాని కార్డు అందులో కనపడకపోవచ్చు. జంపర్లు, అంటే లైను నంబరు ఎంచడానికి కార్డు మీది పిన్నులకి తొడిగే చిన్న టోపీలు, కళ్ళతో చూసి రాసుకో.

ఇక అందరూ బోల్తా పడే చోటు. కార్డు పెట్టి ఆట మొదలెడతారు, సంగీతం హాయిగా వినిపిస్తుంది, "అయిపోయింది" అని మూత బిగించేస్తారు. ఆటలో మొదటి తుపాకీ పేలగానే "ఢ-ఢ-ఢ-ఢ" అని అదే ముక్క ఆగకుండా మోగుతుంది, లేదా ఒక్క ముక్క వినిపించి గప్‌చుప్. అప్పుడు స్పీకర్లు మారుస్తారు, డ్రైవర్లు మళ్ళీ ఎక్కిస్తారు, కార్డు పాడైందని పక్కన పడేస్తారు.

సంగతేమిటంటే, ఆటలో వినపడే ఎఫ్ఎం సంగీతానికి, అంటే కార్డు మీది చిప్పే పుట్టించే సంగీతానికి, ఐఆర్‌క్యూ అక్కర్లేదు. ప్రోగ్రామ్ 388 అనే పోర్టు అడ్రస్‌కి నేరుగా రాస్తే చిప్పు వాయిస్తుంది. కాబట్టి సంగీతం వినపడటం దేనికీ రుజువు కాదు. పేలుళ్ళు, మాటలు వేరే దారిలో వస్తాయి: కార్డు డీఎంఏ ద్వారా, అంటే ప్రాసెసర్‌ని కదపకుండా నేరుగా, మెమరీలోంచి ఒక ముక్క తీసుకుని వాయిస్తుంది, అది కాగానే "తర్వాతిది పెట్టు" అని ఐఆర్‌క్యూతో పిలుస్తుంది. ఆ పిలుపు అందకపోతే కొత్త ముక్క రాదు, పాతదే తిరుగుతుంది. అంటే ముక్క తిరిగి తిరిగి మోగితే ఐఆర్‌క్యూని అనుమానించు. అసలు మోగకపోయినా, గరగరలాడినా డీఎంఏని చూడు. ఆట "కార్డు లేదు" అని చెబితే కార్డు పోర్టు అడ్రస్ తప్పు.

పరీక్షించేటప్పుడు సంగీతం కాదు, మాటో పేలుడో వినిపించు. కార్డుతో వచ్చిన టెస్ట్ ప్రోగ్రామ్ ఆ పని చేస్తుంది.

రెండు కార్డులూ 5 మీదే ఉంటే ఇద్దరిలో ఎవర్ని కదపాలి? నెట్‌వర్క్ కార్డునే. పాత డాస్ ఆటలు సౌండ్ 5 మీదో 7 మీదో ఉంటుందనుకుంటాయి. ఒక మెలిక ఉంది: స్లాట్లోకి దిగే అంచు పొట్టిగా, ఒకే ముక్కగా ఉంటే అది 8 బిట్ కార్డు. దానికి 10, 11 లైన్లు అందవు. అంచు రెండు ముక్కలుగా ఉంటేనే అందుతాయి. నీ నెట్‌వర్క్ కార్డు అంచు రెండు ముక్కలదైతే 10కి మార్చు, దాని డ్రైవర్‌కీ 10 అనే చెప్పు. ఇది మరిచిపోతే నెట్‌వర్క్ పోతుంది, నింద సౌండ్ కార్డు మీద పడుతుంది.

ఆటోఎగ్జెక్‌లో, అంటే మెషీన్ లేవగానే డాస్ చదివే ఫైల్లో, సెట్ బ్లాస్టర్ వరసలో అడ్రస్ 220, ఐఆర్‌క్యూ 5, డీఎంఏ 1 ఉండాలి, 16 బిట్ కార్డైతే పై డీఎంఏ 5 కూడా. ఆ వరస కార్డుని మార్చదు, కార్డు ఎలా ఉందో ఆటలకి చెబుతుందంతే. జంపర్ 7 మీద ఉంచి ఇక్కడ 5 రాస్తే మళ్ళీ "ఢ-ఢ-ఢ".

సౌండ్ కార్డు మీద సీడీ డ్రైవ్ కనెక్టర్ ఉండి, నువ్వు దాన్ని వాడకపోతే ఆపెయ్. అదొక ఐఆర్‌క్యూ ఊరికే తినొచ్చు.

తీసిన జంపర్ టోపీలు పారెయ్యకు తల్లీ, ఒక్క పిన్నుకే తొడిగి ఉంచు. అప్పటికీ కుదరకపోతే రెండు కార్డుల జంపర్లు ఎక్కడెక్కడున్నాయో రాసి పంపు. ప్లగ్గు పీకి చూసి రాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న