టీచర్ ట్రైనింగ్ కాలేజీ చెప్పే ‘90 శాతం ఉద్యోగాలు’ లెక్కను ఎలా చూడాలి?

చేరాలనుకుంటున్న కాలేజీవాళ్లు ‘మా దగ్గర టీచర్ ట్రైనింగ్ చేసినవాళ్లలో 90 శాతం మందికి ఉద్యోగాలు వచ్చాయి’ అంటున్నారని, ఆ మాట నమ్మి చేరొచ్చా అని అడిగారు. కోర్సు పూర్తిచేసినవాళ్లు చివరికి ఎక్కడ తేలారో ఆరా తీసే పనిలో ఉన్నాను కాబట్టి చెప్తున్నాను. ఆ అంకె అబద్ధమే కానక్కర్లేదు. కానీ అది ఎంతమందిలో 90 శాతమో తెలిసేదాకా దాన్ని పట్టించుకోకండి.

లెక్క కోసం ఒక బ్యాచ్ అనుకుందాం. చేరినవాళ్లు 120 మంది, పూర్తిచేసినవాళ్లు 96 మంది. కాలేజీ ఫోన్ చేస్తే జవాబిచ్చినవాళ్లు 60 మంది. వాళ్లలో ఏదో ఒక పనిలో ఉన్నవాళ్లు 45 మంది. జవాబిచ్చినవాళ్లలో చూస్తే 75 శాతం, పూర్తిచేసినవాళ్లలో 47, చేరినవాళ్లలో 37.5. ఇప్పుడు ఆ 45 మందిని విడదీయండి. 18 మంది బోధనతో సంబంధం లేని పనిలో ఉన్నారు, 9 మంది సెలవు మీద వెళ్లిన టీచరు స్థానంలోనో పార్ట్‌టైమ్‌గానో చేస్తున్నారు. పూర్తికాలం పాఠం చెప్తున్నవాళ్లు 18 మందే మిగిలారు. అంటే పూర్తిచేసిన 96 మందిలో 19 శాతం కూడా లేరు. ఒకే బ్యాచ్, ఎక్కడా తప్పుడు అంకె లేదు, అయినా 75 నుంచి 19కి దిగింది.

జవాబివ్వనివాళ్ల సంగతి మరీ ముఖ్యం. ఉద్యోగం దొరికినవాళ్లు కాలేజీ ఫోన్‌కి సంతోషంగా పలుకుతారు, దొరకనివాళ్లు చాలామంది ఎత్తరు. అందుకే జవాబుల శాతం తక్కువున్న సర్వేలో ఫలితం దాదాపు ఎప్పుడూ ఉన్నదానికంటే మెరుగ్గానే కనిపిస్తుంది. సగం మంది కూడా పలకని సర్వే అయితే నేను దాన్ని పక్కన పెట్టేస్తాను.

ఎప్పుడు లెక్కించారో కూడా అడగండి. ఆస్ట్రేలియాలో పట్టభద్రుల సర్వే కోర్సు ముగిసిన నాలుగు నుంచి ఆరు నెలలకు జరుగుతుంది. బ్రిటన్‌లో అలాంటి సర్వే 15 నెలలకు. ఇంగ్లండ్‌లో టీచర్ ట్రైనింగ్ గణాంకాలు చూసేది అర్హత పొందినవాళ్లు విద్యా సంవత్సరం ముగిసిన 16 నెలల్లోపు ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో చేరారా అని. బడుల్లో నియామకాలు విద్యా సంవత్సరాన్ని బట్టి సాగుతాయి. కాబట్టి ఆరో నెలలో ఖాళీగా ఉన్న మనిషి పదిహేనో నెలకు టీచరు కావచ్చు. వేర్వేరు గడువులతో తీసిన రెండు కాలేజీల అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చకండి.

ఇక అందరూ మర్చిపోయేది, ఎంతమంది నిలిచారన్నది. 2030 నాటికి ప్రపంచానికి మరో 4.4 కోట్ల మంది ప్రాథమిక, మాధ్యమిక ఉపాధ్యాయులు కావాలని యునెస్కో అంచనా. అందులో సగానికి పైగా, వృత్తి వదిలి వెళ్లినవాళ్ల స్థానాలు నింపడానికే. ప్రాథమిక ఉపాధ్యాయుల్లో వెళ్లిపోయేవాళ్లు 2015లో 4.6 శాతం ఉంటే 2022కి 9 శాతం అయ్యారు. అంటే ఉద్యోగం రావడం ఒక ఎత్తు, మూడో ఏడు కూడా అదే తరగతి గదిలో ఉండటం మరో ఎత్తు. రెండో అంకె చెప్పగలిగే కాలేజీ అరుదు. చెప్పగలిగితే దానికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

మొత్తం శాతం కంటే మీ సబ్జెక్టు శాతమే మీకు పనికొస్తుంది. చాలా దేశాల్లో గణితం, భౌతికశాస్త్రం, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బోధన, వీటికి మనుషులు దొరకడం లేదు. అదే సమయంలో మరికొన్ని సబ్జెక్టుల్లో ఒక్కో ఖాళీకి బోలెడంత పోటీ. గణితం బ్యాచ్ మొత్తం శాతాన్ని పైకి లాగితే, సాంఘికశాస్త్రం చదివే మీకు ఒరిగేదేమీ లేదు. మారుమూల బడికి వెళ్లడానికి సిద్ధమా కాదా అన్నదీ ఇక్కడే తేల్చుకోండి. చాలాసార్లు సబ్జెక్టు ఎంత ముఖ్యమో ఇదీ అంతే.

కాలేజీని రాతపూర్వకంగా అడగాల్సినవి ఇవి: చేరినవాళ్లు, పూర్తిచేసినవాళ్లు, జవాబిచ్చినవాళ్లు ఎంతమంది; లెక్క తీసిన నెల ఏది; టీచరుగా పూర్తికాలం చేస్తున్నవాళ్లు ఎందరు, వాళ్లలో పర్మనెంట్ ఎవరు, కాంట్రాక్టు ఎవరు; సబ్జెక్టువారీగా ఎంత. కనీసం మూడు బ్యాచ్‌లవి ఇమ్మనండి, ఒక్క మంచి ఏడాదిని చూపించి మురిపించే అలవాటు ఉంది. ఇవ్వలేమంటే వాళ్ల దగ్గర ఆ లెక్క లేదనే అనుకోవచ్చు.

ఆ తర్వాత టీచింగ్ ప్రాక్టీస్ ఎన్ని వారాలు, ఏ బడుల్లో అని కనుక్కోండి. ఇంటర్వ్యూలో డెమో క్లాసు పెట్టే బడులు మార్కుల షీటు కంటే పిల్లల ముందు మీరు నిలబడే తీరే చూస్తాయి. పిల్లవాడు తప్పు జవాబు చెప్పినప్పుడు మీరేం చేస్తారన్నది అక్కడ బయటపడిపోతుంది. ఆ ఒడుపు ప్రాక్టీసులోనే వస్తుంది. వీలైతే ప్రాక్టీస్ జరిగే బడికే వెళ్లి హెడ్‌మాస్టర్‌ను ఒక్క ప్రశ్న అడగండి: ‘ఈ కాలేజీ నుంచి ప్రాక్టీసుకు వచ్చినవాళ్లలో తర్వాత ఎవరినైనా మీరు ఉద్యోగంలోకి తీసుకున్నారా?’