గడగడా చదివితే అర్థమైనట్టేనా?

ఈసారి ప్రాథమిక తరగతుల పిల్లల పఠన అవగాహనను పరీక్షించడం గురించి వచ్చిన ప్రశ్నలకు జవాబులిస్తున్నాం.

ప్రశ్న: పాఠం వెనక ఇచ్చిన ప్రశ్నలకు మా పిల్లలు చక్కగా జవాబులు రాస్తారు. తెలియని కథ ఇచ్చి అడిగితే మాత్రం నీళ్ళు నములుతారు. అవగాహనను నిజంగా పరీక్షించే ప్రశ్నలు ఎలా తయారు చేసుకోవాలి?
(మూడో తరగతి ఉపాధ్యాయిని, ఖమ్మం జిల్లా)

జవాబు: ముందు ఈ వాక్యం చదవండి: "లూటమ్మ పింగలో కోజును తొరిపింది." ఇది మేం ఊరికే అల్లిన వాక్యం, దీనికి అర్థం లేదు. అయినా "ఎక్కడ తొరిపింది?" అంటే "పింగలో" అంటారు. "దేన్ని తొరిపింది?" అంటే "కోజును" అంటారు. రెండూ సరైన జవాబులే, పూర్తి మార్కులు వేయాల్సిందే. 'ఎక్కడ' అని అడిగితే '-లో' ఉన్న మాట, 'దేన్ని' అని అడిగితే '-ను' ఉన్న మాట ఏరి రాస్తే చాలని రెండో తరగతికల్లా పిల్లలు కనిపెట్టేస్తారు. పాఠం వెనక ప్రశ్నల్లో చాలావాటికి ఈ కిటుకు పనిచేస్తుంది. పైగా ఆ పాఠం మీరు తరగతిలో వివరించే ఉంటారు. అప్పుడు పరీక్షిస్తున్నది జ్ఞాపకశక్తినే.

కాబట్టి పిల్లలు ముందెన్నడూ చూడని గద్యం కావాలి. మూడో తరగతికి 45 నుంచి 60 మాటలు, ఎనిమిది తొమ్మిది చిన్న వాక్యాలు చాలు. ముఖ్యమైన సంగతి ఒకటి అందులో చెప్పకుండా వదిలేయాలి. ఇలా:

"అవ్వ చేటలో బియ్యం పోసి వాకిట్లో ఎండబెట్టింది. కోళ్ళు రాకుండా చూడమని చింటూకు చెప్పి లోపలికి వెళ్ళింది. కాసేపటికి ఆకాశం నల్లబడింది. చల్లగాలి వీచింది. చింటూ గబగబా చేట తీసుకుని లోపలికి పరుగెత్తాడు. 'కోళ్ళు వచ్చాయా?' అని అవ్వ అడిగింది. చింటూ తల అడ్డంగా ఊపి కిటికీ వైపు చెయ్యి చూపించాడు. అంతలో పెంకుల మీద టపటపా చప్పుడు మొదలైంది. అవ్వ నవ్వి వాడి తల నిమిరింది."

ఇవి 48 మాటలు. 'వాన' అన్న మాట ఎక్కడా లేదని గమనించండి. దీని మీద ఐదు ప్రశ్నలు వేయవచ్చు:

1. అవ్వ చింటూకు ఏ పని అప్పజెప్పింది?
2. చింటూ చేటను ఎక్కడికి తీసుకెళ్ళాడు?
3. పెంకుల మీద చప్పుడు దేనిది?
4. కోళ్ళు వచ్చాయా, రాలేదా? నీకెలా తెలిసింది?
5. అవ్వ చింటూ తల ఎందుకు నిమిరింది?

మొదటి రెండింటికి జవాబులు గద్యంలోనే ఉన్నాయి. ఇవి కూడా అవసరమే. వీటికే తడబడే పిల్లవాణ్ణి ఐదో ప్రశ్న అడిగి ఇబ్బంది పెట్టక్కర్లేదు. మూడు, నాలుగు ప్రశ్నలకు రెండు వాక్యాలు కలిపి ఆలోచించాలి. ఐదోదానికి కథంతా పట్టుబడాలి: అవ్వ చెప్పింది కోళ్ళ సంగతి, వాడు చేసింది అంతకు మించిన పని. నాలుగో తరగతి పిల్లలకు 2001 నుంచి ఐదేళ్ళకోసారి జరుగుతున్న అంతర్జాతీయ పఠన పరీక్ష పిర్ల్స్ కూడా ఇలాంటి మెట్లే వాడుతుంది. ఉన్నది వెతికి చెప్పడం, సులువైన ఊహ చేయడం, విషయాలు కలిపి అర్థం చెప్పడం, చదివినదాన్ని అంచనా వేయడం అన్నవి దాని నాలుగు మెట్లు.

ప్రశ్నలు రాసేటప్పుడు సాధారణంగా రెండు తప్పులు దొర్లుతాయి. ఒకటి, ఒకే సంగతిని మళ్ళీ మళ్ళీ అడగడం. "ఎందుకు పరుగెత్తాడు?", "కిటికీలోంచి ఏం చూపించాడు?", "చప్పుడు దేనిది?" అన్న మూడింటికీ జవాబు వానే. అది తట్టిన పిల్లకు మూడూ వస్తాయి, తట్టని పిల్లకు మూడూ పోతాయి. అప్పుడు ఐదు ప్రశ్నల పరీక్ష కాస్తా మూడు ప్రశ్నల పరీక్షగా మిగులుతుంది. రెండోది, చదవకుండానే చెప్పగలిగే ప్రశ్న. "బియ్యంతో ఏం వండుతారు?" అన్నదానికి గద్యంతో పనేముంది? మీ ప్రశ్నలను పక్క తరగతిలోని ఇద్దరు ముగ్గురు పిల్లలకు గద్యం చూపకుండా వేసి చూడండి. వాళ్ళు చెప్పేసిన ప్రశ్నను కొట్టేయండి. దీనికి పది నిమిషాలు పట్టదు, పరీక్ష నాణ్యత మాత్రం చాలా పెరుగుతుంది.

మార్కులు ప్రశ్నకు 2, 1, 0 అని పెట్టుకోండి. ఐదో ప్రశ్నకు "చెప్పకపోయినా బియ్యం తడవకుండా తెచ్చాడని" అంటే 2. "బియ్యం తెచ్చాడని" అంటే 1. "అవ్వ నవ్వి వాడి తల నిమిరింది" అని గద్యంలోని వాక్యాన్నే అప్పజెబితే 0. జవాబు ఏ యాసలో ఉన్నా ఒకటే. "ఎందుకు పరుగెత్తాడు?" అంటే "ఆన పడ్తాందని" అన్నా, "వానొత్తాందని" అన్నా పూర్తి మార్కులు ఇవ్వాల్సిందే. ఇంట్లో లంబాడీ, కోయ మాట్లాడే పిల్లలు వాళ్ళ భాషలో చెబితే, తెలిసిన పెద్ద పిల్లల్ని అడిగి అర్థం తెలుసుకుని మార్కు వేయండి. మీరు పరీక్షిస్తున్నది వాళ్ళు తెలుగు వాక్యం చెప్పగలరా అని కాదు, తెలుగులో చదివింది అర్థమైందా అని.

మూడో తరగతి దాకా జవాబులు నోటితోనే చెప్పించండి. రాయమంటే అక్షరదోషాల భయంతో తెలిసిందాన్ని కూడా కుదించేస్తారు.

ప్రశ్న: జవాబు చెప్పేటప్పుడు పిల్లలు మళ్ళీ గద్యం చూసుకోవచ్చా?
(ఉపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా)

జవాబు: చూసుకోవచ్చు, చూసుకోనివ్వాలి. కాగితం లాగేసుకుంటే అది జ్ఞాపకశక్తి పరీక్ష అవుతుంది. వెనక్కి వెళ్ళి ఏ వాక్యం వెతికారో గమనిస్తే మీకు అదనపు సమాచారం దొరుకుతుంది కూడా.

ప్రశ్న: మా పాప నాలుగో తరగతి. పేజీ అంతా ఆగకుండా చదివేస్తుంది. ఏం చదివావంటే చెప్పలేదు. లోపం ఎక్కడుందో ఇంట్లో తెలుసుకోవడం ఎలా?
(ఒక తల్లి, హైదరాబాద్)

జవాబు: దాదాపు ఒకే కష్టం ఉన్న రెండు చిన్న కథలు తీసుకోండి. ఒకటి మీరు చదివి వినిపించి ఐదు ప్రశ్నలు అడగండి. రెండోది మరుసటి రోజు పాపనే చదవమని ఐదు ప్రశ్నలు అడగండి. గాఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో చెప్పిన సూత్రమే దీనికి ఆధారం. చదివి అర్థం చేసుకోవడమంటే అక్షరాలను మాటలుగా మార్చుకోగలగడం, వింటే అర్థం కావడం రెండూ ఉండాలి. ఏ ఒక్కటి లేకపోయినా పని జరగదు.

విన్నదానికి జవాబులు వచ్చి, చదివినదానికి రాకపోతే పాప శక్తంతా అక్షరాల మీదే ఖర్చవుతోందన్నమాట. పైకి వేగంగా వినబడినా, ఒత్తులు, సంయుక్తాక్షరాలు వచ్చినచోట ఊహించి దాటేస్తూ ఉండవచ్చు. పక్కన కూర్చుని వేలు పెట్టి చూడండి. విన్నదానికి కూడా జవాబులు రాకపోతే సమస్య చదువుది కాదు, భాషది. అలాంటి పిల్లలకు ఇంకా ఎక్కువ చదివించడం కంటే, రోజూ కథ వినిపించి మాట్లాడించడం ముందు మొదలుపెట్టాలి. రెండిట్లోనూ బాగా చెబితే బహుశా పాపకు వేగంగా చదివితేనే మెప్పు దొరుకుతోంది. రెండు వాక్యాలకోసారి ఆపి "ఇప్పుడేం జరగొచ్చు?" అని అడగడం అలవాటు చేయండి.

ఇంగ్లీషు మాధ్యమంలో చదివే పిల్లలైతే ఈ పరీక్ష రెండు భాషల్లోనూ విడివిడిగా చేయాలి. ఒక భాషలోని ఫలితాన్ని రెండోదానికి అంటగట్టకండి.

ప్రశ్న: నిమిషానికి ఇన్ని మాటలు చదవాలన్న లక్ష్యం తెలుగుకు సరిపోతుందా? ఎలా లెక్కపెట్టాలి?
(ప్రధానోపాధ్యాయుడు, కర్నూలు జిల్లా)

జవాబు: చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు గట్టిపరచడానికి 2021 జులైలో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ పథకం మూడో తరగతికి పెట్టిన లక్ష్యం నిమిషానికి కనీసం 60 మాటలు, అదీ అర్థం చేసుకుంటూ. ఈ రెండో భాగాన్నే మనం మరిచిపోతుంటాం. తెలుగు మాటలు పొడవైనవి. "వెళ్ళలేకపోయింది" అన్నది మనకు ఒక్క మాట, హిందీలో అదే భావానికి మూడు నాలుగు మాటలు కావాలి. అందుకని ఒక భాషలోని అంకెను మరో భాషతో పోల్చడం అన్యాయం. అదే పిల్లవాణ్ణి, అంతే కష్టమున్న గద్యాలతో రెండు మూడు నెలల తేడాతో పోల్చండి. అది పనికొస్తుంది.

లెక్క ఇలా: మొదటి మాట నోట వచ్చినప్పుడు గడియారం నొక్కండి. తప్పు చదివిన మాట మీద మీ ప్రతిలో గీత పెట్టండి. మూడు సెకన్లు ఆగిపోతే మాట అందించి, దాన్ని తప్పు కింద రాయండి. తనంతట తను దిద్దుకుంటే తప్పు కాదు. శ, ష, స తేడా, ణ, న తేడా పలుకుబడికి సంబంధించినవి, వాటినీ వదిలేయండి. 'పాలు'ను 'పలు' అని, 'పట్టు'ను 'పటు' అని చదివితే మాత్రం తప్పే. పై గద్యంలోని 48 మాటలు 90 సెకన్లలో, నాలుగు తప్పులతో చదివితే సరైనవి 44. వాటిని 90తో భాగించి 60తో గుణిస్తే నిమిషానికి సుమారు 29. గడియారం పిల్లల కంట పడనివ్వకండి. పడిందంటే అర్థం పక్కకుపోయి పరుగు మొదలవుతుంది.

పిల్లలు ఎంత చదవగలరో చూడడానికి 2005 నుంచి పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి చేస్తున్న అసర్ సర్వేలో అక్షరం, మాట, ఒకటో తరగతి పేరా, రెండో తరగతి కథ అని నాలుగు మెట్లున్నాయి. పిల్లల్ని జట్లుగా విడదీయడానికి అది చక్కని సాధనం. కానీ కథ మెట్టు దాటాడంటే పైకి చదవగలిగాడని మాత్రమే. అవగాహన ప్రశ్నలు మీరు విడిగా వేసుకోవాలి.

ప్రశ్న: తరగతిలో 40 మంది. ఒక్కొక్కరిని అడిగే సమయం లేదు. బిట్లు ఇవ్వవచ్చా?
(ఐదో తరగతి ఉపాధ్యాయుడు, వరంగల్)

జవాబు: నాలుగు, ఐదు తరగతులకు ఇవ్వవచ్చు. నాలుగు ఐచ్ఛికాలున్న పది బిట్లకు కళ్ళు మూసుకుని గుర్తు పెట్టినా సగటున రెండున్నర మార్కులు వస్తాయి. కాబట్టి మూడు మార్కులు వచ్చాయంటే కొంచెం వచ్చినట్టేనని అనుకోకండి. తప్పు ఐచ్ఛికాల్లో గద్యంలోని మాటలే ఉండాలి, సరైనది మాత్రం వేరే మాటల్లో ఉండాలి. చింటూ ఎందుకు పరుగెత్తాడన్నదానికి "కోళ్ళు వచ్చినందుకు", "అవ్వ లోపలికి పిలిచినందుకు", "చల్లగాలికి చలేసినందుకు", "బియ్యం తడిసిపోతాయని" అని ఇవ్వండి. ఏ తప్పును ఎందరు ఎంచుకున్నారో లెక్కవేయండి. సగం మంది "కోళ్ళు" అన్నారంటే ప్రశ్నగుర్తును, తల అడ్డంగా ఊపడాన్ని వాళ్ళు పట్టించుకోలేదని తెలిసిపోతుంది. మరీ తక్కువ వచ్చిన ఆరేడుగురిని మాత్రం విడిగా కూర్చోబెట్టి నోటితో అడగండి. ఒక్కొక్కరికి ఐదారు నిమిషాలు చాలు, రోజుకు ఇద్దరు చొప్పున వారంలో అయిపోతుంది.

ప్రశ్న: అమెరికాలో వారాంతపు తెలుగు తరగతి నడుపుతున్నాం. పిల్లలు కథ చదివి కూడా జవాబు ఇంగ్లీషులోనే చెబుతారు. మార్కు ఇవ్వాలా?
(న్యూజెర్సీ)

జవాబు: అవగాహనకైతే ఇవ్వండి. తెలుగులో చెప్పగలగడాన్ని వేరే వరుసలో నమోదు చేయండి. గద్యం మాత్రం మార్చుకోవాలి. చేట, పెంకులు ఎన్నడూ చూడని పిల్లకు పై కథలో చప్పుడు ఎక్కడిదో తట్టకపోతే అది చదువు లోపం కాదు. బియ్యం బదులు పెరట్లో ఆరేసిన బట్టలు, కోళ్ళ బదులు కుక్కపిల్ల, పెంకుల బదులు కారు పైకప్పు పెట్టండి. వాన మాత్రం అలాగే చెప్పకుండా ఉంచండి.