పెళ్లి ఫోటోలు తీయబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి, గుంటూరు నుంచి మీ మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

బెజవాడలో నీ స్నేహితురాలి పెళ్లికి ఫోటోలన్నీ నువ్వే తీస్తానని ఒప్పుకున్నావని, వాళ్లు వేరే ఫోటోగ్రాఫరును పెట్టుకోవడం లేదని మీ అమ్మ ఫోనులో చెప్పింది. నీ ధైర్యానికి గర్వపడ్డాను. నువ్వు కెమెరా కొని ఏడాదైనా కాలేదని గుర్తొచ్చాక మాత్రం నిద్ర పట్టలేదు.

బ్యాటరీలు, కార్డులు అదనంగా ఉంచుకో. అపెర్చర్, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, దాని అంకె తగ్గేకొద్దీ వెలుతురు ఎక్కువగా వస్తుంది, ఫోకస్‌లో ఉండే లోతు తగ్గుతుంది, కాబట్టి 2.8లో వధూవరులిద్దరినీ తీసేటప్పుడు రెండు ముఖాలూ నీకు ఒకే దూరంలో ఉండేచోట నిలబడు.

నా భయమంతా షట్టర్ గురించే, అంటే వెలుతురు కోసం కెమెరా ఎంతసేపు తెరుచుకుని ఉంటుందన్న దాని గురించే. మీ పెద్దక్క పెళ్లి ముహూర్తం అర్ధరాత్రి దాటాక వచ్చింది, పురోహితుడు ఫ్లాష్ వద్దన్నారు. వచ్చిన ఫోటోగ్రాఫరు దగ్గర ఖరీదైన కెమెరాయే ఉంది, కానీ గ్రెయిన్స్, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలు, వస్తాయన్న భయంతో ఆయన ఐఎస్ఓను, అంటే అందిన వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకెను, 400 దాటనివ్వలేదు. అపెర్చర్ మనం పెడితే షట్టర్ తానే ఎంచుకునే అపెర్చర్ ప్రయారిటీలో ఉన్న కెమెరా, చాలని వెలుతురును పూడ్చుకోవడానికి షట్టర్‌ను తనంతట తానే సెకనులో 1/15 వంతుకు దించేసింది. వెనుక ఉన్న చిన్న తెరమీద అంతా చక్కగానే కనిపించింది. ఆల్బమ్ కోసం పెద్దది చేసి చూస్తే, మూడు ముళ్లు వేస్తున్న అల్లుడి వేళ్లు అలుక్కుపోయాయి, తలవంచిన అక్క కళ్లకు అంచులే లేవు. మీ అత్తయ్య ఆ పేజీ తిప్పి మళ్లీ వెనక్కి తిప్పి, ఇదొక్కటేనా అని అడిగింది. ఒక్కో మెట్టుకు వెలుతురు రెట్టింపో సగమో అవుతుంది. 1/15 నుంచి 1/125కు మూడు మెట్లు. ఐఎస్ఓ 400 నుంచి 3200కూ మూడే మెట్లు. గ్రెయిన్స్ ఉన్న ఫోటోను ఎవరైనా ముద్దు చేసుకుంటారు, షేకయిన ముఖాన్ని ఎవరూ బాగుచేయలేరు.

అందుకని మండపంలో అన్నీ నువ్వే ఎంచుకునే మాన్యువల్ మోడ్ పెట్టి, నీ 50 ఎంఎం లెన్సును 2.8లో ఉంచి, 1/125 దగ్గర మొదలుపెట్టి, వెలుతురు చాలకపోతే ఐఎస్ఓనే పెంచు. ఎల్ఈడీ లైట్ల వల్ల చారలు పడితే 1/100కు దించు. తలంబ్రాల గింజలు గాలిలో ఆగినట్టు ఉండాలంటే 1/500 కావాలి, కానీ అందుకు ఐఎస్ఓ 12800 దాకా పోవద్దమ్మా. 1/250, 6400 చాలు, గింజలు కాస్త సాగినా నవ్వులు నిలుస్తాయి. మధుపర్కాల దగ్గర, కెమెరాలో వెలుతురును కొలిచే మీటర్‌ను పూర్తిగా నమ్మకు. అది దేన్ని చూసినా నడిమి బూడిదరంగుగా లెక్కగడుతుంది కనుక, ఫ్రేమంతా తెల్లబట్టలుంటే ముల్లు సున్నా మీద ఉన్నా ముఖాలు నల్లబడతాయి. ముల్లును ఒక మెట్టు ప్లస్ వైపు ఉంచి, తెలుపు కాలిపోలేదని హిస్టోగ్రామ్‌లో, అంటే కెమెరా చూపే వెలుగునీడల గ్రాఫులో, చూసుకో. ముహూర్తానికి ముందే ఒక ఫోటో తీసి, కంటిరెప్పల దాకా జూమ్ చేసి చూడు. సిగ్గుపడి ఈ పని మానేశావంటే నాకు కోపం వస్తుంది.

అలసిపోయినప్పుడు మరిచిపోయేది ఇంకొకటుంది తల్లీ. తెల్లవారాక అప్పగింతలు ఆరుబయట జరుగుతాయి, 3200, 2.8 అలాగే వదిలేస్తే ఆ ఎండలో నీ కెమెరాలో ఉన్న ఏ షట్టర్ వేగమూ చాలదు, అన్నీ తెల్లగా కాలిపోతాయి. మండపం దిగేటప్పుడే ఐఎస్ఓను 100కు తెచ్చుకో, షట్టర్ వేగాన్ని ఆ ఎండకు తగ్గట్టు పెంచుకో.

ఆశీస్సులతో,
మీ మామయ్య