మీరు అడిగారు: బెల్‌బాటం ఫోటో చించేస్తానంటున్నారు

ప్రశ్న: మా పెళ్లయి నలభై ఏళ్లవుతోందని పిల్లలు వచ్చే నెలలో ఫంక్షన్ చేస్తున్నారు. స్క్రీన్ మీద వెయ్యడానికి పాత ఫోటోలు పోగేస్తుంటే మావారి 1980 నాటి కలర్ ఫోటో ఒకటి బయటపడింది. నేల ఊడ్చే బెల్‌బాటం ప్యాంటు, పూల చొక్కా, ఇంత పొడుగు కాలరు, చెవులు మూసేసిన జుట్టు, సైడ్‌లాక్స్. పిల్లలు దాన్ని ఫ్యామిలీ గ్రూపులో పెట్టి ఒకటే నవ్వులు. ఆయనేమో చిన్నబుచ్చుకుని, వియ్యాలవారి ముందు ఇది వేస్తే నేను ఫంక్షన్‌కే రాను, చించెయ్ అంటున్నారు. నాకు ఆ ఫోటో అంటే ప్రాణమండీ. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: చించనివ్వకండమ్మా. ముందు ఆ ఫోటో మీ బీరువాలో పెట్టి తాళం వెయ్యండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

ఆ ప్యాంటు ఆయనకి ఊరికే వచ్చి ఉండదు. అప్పట్లో మన ఊళ్లలో రెడీమేడ్ బట్టలు తక్కువ. కొట్లో మీటర్ల లెక్కన గుడ్డ కొనాలి, టైలర్‌కి ఇవ్వాలి, సంక్రాంతి ముందైతే ఆయన షాపు చుట్టూ రోజూ తిరగాలి. చాలా ఇళ్లలో నాన్నగారు ఒకే తానులోంచి గుడ్డ చింపించి అన్నదమ్ములందరికీ ఒకే రకం చొక్కాలు కుట్టించేవారు, అదీ ఎదిగే పిల్లలు కదా అని రెండేళ్లకి సరిపోయేంత వదులుగా. అలా పెరిగిన కుర్రాడు, బాటం ఎంత పెట్టమంటావని టైలర్ అడిగితే 26 అంగుళాలనో 28 అంగుళాలనో తన నోటితో తను చెప్పుకుని కుట్టించుకున్న మొదటి ప్యాంటు అదేనేమో, అడిగి చూడండి. అంచు నేలకి రాసుకుని చిరిగిపోకుండా చాలామంది కింద చుట్టూ జిప్పు కుట్టించుకునేవారు. ఆ ఫోటోలో జిప్పు ఉందేమో కాస్త దగ్గరగా చూడండి, ఉంటే ఆ ప్యాంటుని ఆయన ఎంత జాగ్రత్తగా చూసుకున్నారో మీ పిల్లలకి అక్కడే తెలుస్తుంది.

గుడ్డ సంగతి కూడా చెప్పాలి. ఆ పూల చొక్కా బహుశా పాలిస్టరే అయ్యుంటుంది. నూలు గుడ్డ తన బరువులో 7, 8 శాతం దాకా తేమ పట్టుకుంటుంది, పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. మన ఎండల్లో అది వేసుకుని తిరగడమంటే చెమటలో ఉడికిపోవడమే, అయినా వేసుకున్నారు. ఎందుకంటే రాత్రి ఉతికి ఆరేస్తే తెల్లారేసరికి ఆరిపోయేది, ఇస్త్రీ పెద్దగా అక్కర్లేదు, ఏళ్ల తరబడి రంగు వెలిసేది కాదు. రెండు మూడు జతలతో కాలేజీ గడిపేసిన కుర్రాళ్లకి అదెంత పెద్ద సుఖమో ఇప్పటి పిల్లలకి మనం చెబితేనే తెలుస్తుంది. ఆ సుఖంలోనూ ఒక టెన్షన్ ఉండేది, బొగ్గుల ఇస్త్రీపెట్టె కాస్త ఎక్కువ కాలిందా, గుడ్డ కరిగి పెట్టెకి అతుక్కుపోయేది.

ఇంకో మాట. ఆ ఫోటో ఇప్పుడు బాగా ఎర్రగా కనిపిస్తోందా? అలాగైతే అంత గాఢమైన రంగు చొక్కా ఆయన వేసుకుని ఉండకపోవచ్చు. ఆ కాలపు కలర్ ప్రింట్లలో నీలి ఛాయ ఇచ్చే రంగు, ఆల్బంలో చీకట్లో ఉన్నా సరే, మిగతా వాటికంటే ముందు వెలిసిపోయేది. అందుకే ఆ ఫోటోలు ఏళ్లు గడిచేకొద్దీ ఎరుపెక్కుతాయి. పిల్లలు నవ్విన రంగులో కొంత మీవారిది కాదు, కాగితానిది. ఈ ముక్క ఆయనకి తప్పకుండా చెప్పండి. స్కాన్ చేయించేటప్పుడు స్టూడియోవాళ్లని రంగు సరిచెయ్యమంటే చాలావరకు సరిచేస్తారు. ప్లాస్టిక్ పొర ఉన్న జిగురు ఆల్బంలో ఉంటే మాత్రం గోళ్లతో పీకకండి, ఫోటో చిరుగుతుంది. పేజీలో ఉండగానే ముందు ఒక కాపీ తీయించి, తర్వాత సన్నటి దారాన్ని ఫోటో వెనక నుంచి నెమ్మదిగా జరుపుతూ విడదియ్యండి.

మీ పిల్లలు నవ్వడంలో తప్పు లేదు, ముచ్చటేసి నవ్వి ఉంటారు. నాన్నని అడక్కుండా గ్రూపులో పెట్టడం మాత్రం తప్పే, అది వాళ్లకి మీరు గట్టిగానే చెప్పాలి. ఫంక్షన్‌లో వెయ్యాలా వద్దా అన్నది ఆయన ఇష్టం. కానీ అడిగే ముందు ఒక సాయంత్రం ఆ ఫోటో ఆయన చేతిలో పెట్టి, ఎవరు కుట్టారు, గుడ్డ ఎక్కడ కొన్నారు, అప్పటి స్నేహితులు ఇప్పుడెక్కడున్నారు అని అడగండి. మీ ఆ కాలపు నైలాన్ చీర ఫోటో కూడా ఒకటి తెచ్చి పక్కన పెట్టండి. స్క్రీన్ మీద మీది ముందు పడి, తర్వాత ఆయనది వస్తే ఒప్పుకుంటారనే నా నమ్మకం. ఒప్పుకోకపోతే ఫ్రేము కట్టించి మీ గదిలో పెట్టుకోండి.

ప్రశ్న: అమ్మ పెట్టెలో 90ల నాటి పంజాబీ డ్రెస్ దొరికింది. పఫ్ చేతులు, భుజాల దగ్గర ప్యాడ్లు, అద్దాల పని. కాలేజీ ఫెస్ట్‌కి వేసుకుంటానంటే అమ్మ సిగ్గుతో వద్దంటోంది. వేసుకోవచ్చా ఆంటీ?
– డిగ్రీ విద్యార్థిని, వరంగల్

జవాబు: వేసుకో తల్లీ, అమ్మ సరేనంటేనే. అమ్మ వద్దనడం ఆ డ్రెస్ మీద కోపంతో కాకపోవచ్చు, దాన్ని వేసుకున్నప్పుడు ఎవరో అన్న మాట ఇంకా గుర్తుందేమో, మెల్లగా అడుగు. ఒప్పుకుంటే ముందు భుజాల ప్యాడ్లు విప్పించెయ్, లోపలి స్పాంజి ఇన్నేళ్లకి పొడిపొడిగానో జిగటగానో అయిపోయి గుడ్డకి మరక అంటిస్తుంది. చంకల దగ్గర కుట్లు లాగి చూడు, దారం పిగిలితే టైలర్‌తో మళ్లీ వేయించు. మిషన్‌లో వెయ్యకు, అద్దాలు ఊడిపోతాయి. చల్లటి నీళ్లలో చేత్తో జాడించి నీడలో ఆరెయ్, పిండొద్దు.